అద్దె లేని సౌండ్ బాక్స్

ఫోన్‌లోకి దొంగను బేరమాడి మరీ పిలుచుకున్న తెలివైనవాణ్ని బళ్లారి బజారు మొత్తంలో నేనొక్కణ్నే.

మా స్టీలు సామాన్ల అంగడికి ఎదురుగా గోవిందు అంగడి ఉంది. అతనికి డబ్బు పడినప్పుడల్లా సౌండ్ బాక్స్ వీధంతా వినేలా అరిచేది. అది అరిచిన ప్రతిసారీ నా కడుపు మండేది. నేనూ ఒకటి పెట్టిద్దామంటే నెలకు నూరు రూపాయల అద్దె అన్నారు. యాభైకి అడిగాను. బాక్స్ తెచ్చినవాడు నవ్వి వెళ్లిపోయాడు.

ఆ వారమే వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది. యాప్ వేసుకుంటే ఫోనే సౌండ్ బాక్స్ అవుతుందట, అద్దె లేదట. పైసా అడగలేదు కదా అని, మెసేజులు చదవడంతో సహా అది అడిగిన అనుమతులన్నీ ఇచ్చేశాను.

మర్నాడు బోణీ కాకముందే ఖాతాలోంచి రెండుసార్లు తొమ్మిదేసి వేలు పోయాయి. బ్యాంకు మెసేజులు మళ్లీ మళ్లీ చూసుకుంటుంటే గోవిందు రోడ్డు దాటి పరుగున వచ్చాడు.

"ఏందప్పా ఇది, నీ నంబర్ నుంచి అందరికీ ఏందో లింకు వస్తాండాది!"

నా ప్రాణం పోయింది. "ఎవురన్నా నొక్కినారా?"

"ఎవురు నొక్కుతారప్పా? నువ్వు ఊరికే ఏదన్నా ఇస్తాండావంటే అది నువ్వు కాదని బజారుకంతా తెల్దా?"

నా ఫోన్‌లో నెట్ ఆపి, తన ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేయించిందీ అతనే. పోయిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

లెక్క దాచను. పద్దెనిమిది వేలంటే పదిహేనేళ్ల అద్దె. అదంతా ఒక్క పూటలో కట్టేశాను. బాక్స్ మాత్రం ఇంకా గోవిందు అంగడిలోనే అరుస్తోంది.