పరీక్ష అట్ట మీద పన్నెండు బుల్బులు

ఆ రోజుల్లో నాకు ముగ్గురు స్నేహితురాళ్ళుండేవాళ్ళు. ఒకమ్మాయిది శిరివెళ్ల, ఒకమ్మాయిది వెలుగోడు, ఇంకొకమ్మాయిది సంజామల. ముగ్గురూ బంగారంలాంటి పిల్లలు. నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళు కాదు, అలిగేవాళ్ళు కాదు, అడక్కుండా నా సబ్బు వాడుకునేవాళ్ళు కాదు. వాళ్ళలో ఉన్న ఒకే ఒక్క లోపం ఏమిటంటే, వాళ్ళు లేరు. నంద్యాల బస్టాండులో బస్సుల బోర్డులు చదువుతూ కూర్చుని నేనే వాళ్ళను పుట్టించాను. ఒంటరిగా ఉన్నప్పుడు కొందరు కవిత్వం రాస్తారు, కొందరు పాటలు నేర్చుకుంటారు. నాకు రెండూ రావు కాబట్టి మా నాయనకు అబద్ధాలు చెప్పాను.

నేను డిప్లొమా చేసి నేరుగా ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరినదాన్ని. నేను వెళ్ళేసరికే క్లాసులో అందరూ బెంచీకి నలుగురి చొప్పున సర్దుకుని, ఒకళ్ళ డబ్బాలో ఒకళ్ళు తిని, ఒక విడత పోట్లాడుకుని మళ్ళీ కలిసిపోయి కూడా ఉన్నారు. నేను ప్రతి బెంచీకీ ఐదోదాన్ని. నన్నెవరూ ఏమీ అనలేదు, అదే వచ్చిన చిక్కు. ఏమన్నా అని ఉంటే కనీసం తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. హాస్టల్లో ఒక్కోసారి శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా నేను మాట్లాడిన మాటలన్నీ కలిపితే, మెస్సులో అడిగిన "ఇంకొంచెం సాంబారు" ఒక్కటే తేలేది. (ఆ సాంబారు ఇంకొంచెం కావాలని మనస్ఫూర్తిగా అడిగిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే అయి ఉంటాను.)

మా నాయన ఆళ్లగడ్డలో పెళ్ళిళ్ళకూ చర్చిలకూ లైటింగు కడతాడు. సీరియల్ సెట్టు కట్టడం ఇద్దరు చేయాల్సిన పని. ఒకరు వైరు బిగించి పట్టుకుంటే ఇంకొకరు బుల్బు బుల్బుకూ దారంతో ముడి వేసుకుంటూ పోవాలి. ఎప్పుడూ అమ్మ పట్టుకునేది, నాయన కట్టేవాడు. నా డిప్లొమా ఆఖరి సంవత్సరంలో అమ్మ పోయింది. నన్ను నంద్యాల హాస్టల్లో దింపి వెళ్ళిన మర్నాడే నాయన ఫోన్ చేసి, నువ్వేం దిగులు పడొద్దు, పనికి శిరివెళ్ల నుంచి ఒకాయన్ని పెట్టుకున్నా, వంట కూడా ఆయనే చేస్తాడు అని చెప్పాడు. ఆయన అంత ఏర్పాటు చేసుకుని నన్ను పంపితే, ఇక్కడ నాతో మాట్లాడే దిక్కు లేదని ఎలా చెప్పడం? నాకూ ముగ్గురు దొరికారు నాయనా అన్నాను. ఏ ఊరు వాళ్ళని అడిగాడు. నేనప్పుడు బస్టాండులో కూర్చుని ఉన్నాను, ఎదురుగా ఉన్న బస్సుల బోర్డులు చదివాను.

అబద్ధం చెప్పడం సులువే, దాన్ని సాకడమే కష్టం. వెలుగోడు అమ్మాయికి ఒకసారి జ్వరం తెప్పించాను, ఆ జ్వరం సంగతి నేను మర్చిపోయినా నాయన మర్చిపోలేదు. సంజామల అమ్మాయికి వేరుశనగ పడదని ఏదో ధోరణిలో అన్నందుకు, నాయన పంపే బొరుగుల ఉండల్లో ఒక పొట్లం వేరుశనగ లేకుండా రావడం మొదలైంది. ఆ ఉండలు నాయనే చేసేవాడు. పాకం ముదిరిపోయి ఒక్కొక్కటి గులకరాయిలా ఉండేది. నాలుగు పొట్లాలు, నలుగురికి. నాలుగూ నేనే తినేదాన్ని, ఆ వేరుశనగ లేని పొట్లంతో సహా. ఒకరోజు ఫోన్లో నాయన, "మీ శిరివెళ్ల పాపను అడుగుమ్మా, మా పనికొచ్చే ఆయన తెలుసేమో," అన్నాడు. నేను వారం ఆగి (అడగడానికి ఆ మాత్రం టైము పట్టాలి కదా) జవాబు చెప్పాను.

"తెలుసంట నాయనా. వాళ్ళ వీధేనంట. శానా మంచోడంట."

నాయన "అట్లనా," అని, ఇంకేమీ అడక్కుండా ఫోన్ పెట్టేశాడు.

అలాంటి సమయంలో కాలేజీలో రోబోల పోటీ పెట్టారు. తెల్లటి నేల మీద గీసిన నల్ల గీతను పట్టుకుని, మనిషి చెయ్యి తగలకుండా, రోబో చివరిదాకా పోవాలి. టీములో నలుగురిదాకా ఉండొచ్చు, ఒక్కరున్నా పరవాలేదు. ఆ రెండో ముక్క నాకోసమే రాసినట్టుంది. పదో తరగతి పరీక్షలకు తీసుకెళ్ళిన ప్లాస్టిక్ అట్టను కోసి, దానికి రెండు మోటార్లు, మూడు చక్రాలు, ముందు గీతను చూసే కళ్ళలాంటి సెన్సార్లు బిగించాను. అది నడిచింది. ఎంత బాగా నడిచిందంటే, పక్కన చూసేవాళ్ళు లేరే అని ఏడుపొచ్చింది. ఆ సంతోషంలో నాయనకు ఫోన్ చేసి చెప్పడమే నేను చేసిన తప్పు.

"మీ నలుగురు చేసింది నేను చూడొద్దా? వస్తాండా," అన్నాడు.

పోటీకి ఇంకా పది రోజులుంది. ఆ పది రోజుల్లో ముగ్గురు స్నేహితురాళ్ళను సంపాదించడం నావల్ల అయ్యే పని కాదు. కానీ ఆయన వచ్చే వేళకు నా టేబుల్ చుట్టూ ఓ ముగ్గురు నిలబడి ఉంటే చాలు, మిగతాది నేను సర్దుకుంటాను. ముగ్గురు ఆడపిల్లలు ఊరికే వచ్చి ఎందుకు నిలబడతారు? చూడముచ్చటగా ఏదో ఒకటి ఉండాలి. అప్పుడు తట్టింది, లైట్లు పెడితే సరి.

పోటీ రూల్సు నాకు కంఠతా వచ్చు (మాట్లాడేవాళ్ళు లేనప్పుడు మనిషి ఏది దొరికితే అది చదువుతుంది). అలంకారం లైట్లు పెట్టుకోవచ్చు. అయితే వాటికి వేరే బ్యాటరీ ఉండకూడదు, లైట్లతో కలిపి ఎత్తు అడుగు దాటకూడదు, ట్రాకు మీద ఏదీ ఊడిపడకూడదు, పక్క రోబోను తికమక పెట్టేలా ఆరుతూ వెలుగుతూ ఉండకూడదు. ఆదివారం ఆళ్లగడ్డ వెళ్ళి చెబితే, నాయన పాత సీరియల్ సెట్టు నుంచి పన్నెండు బుల్బులు కోసి, నా బ్యాటరీకి సరిపోయేలా మూడేసి చొప్పున కలిపి ఇచ్చాడు. ఆరుతూ వెలుగుతూ ఉండకూడదన్న రూలు మాత్రం ఆయనకు మింగుడు పడలేదు. ఆడకుండా నిలబడిపోతే అది లైటెందుకు అవుతుందని నేను బస్సెక్కేదాకా బాధపడ్డాడు. శిరివెళ్ల ఆయన ఏడని అడిగితే ఊరికి పోయాడన్నాడు. మంచిదే అనుకున్నాను, లేకపోతే ఆ వీధి కబుర్లు నేను కూడా మాట్లాడాల్సి వచ్చేది.

హాస్టల్ గదిలో కూర్చుని ఆ పన్నెండు బుల్బులనూ అట్ట చుట్టూ కట్టాను. టేపు అంటిస్తే ఊడుతుంది, దారం ముడి అయితే ఊడదు. పట్టుకునే మనిషి లేదు కాబట్టి వైరు కొసను పళ్ళతో బిగపట్టి, రెండు చేతులతో ముడి వేశాను. పన్నెండు ముడులకు దవడ పీకింది. స్విచ్చి వేస్తే అట్ట చుట్టూ ఎర్రగా, పచ్చగా, నీలంగా వెలిగింది. పోటీ రోజున పరీక్ష చేసే సారు ప్రతి బుల్బునూ లాగి చూశాడు. ఒక్కటి కదల్లేదు. ఎవరు కట్టారమ్మా అంటే మా టీము సార్ అన్నాను. టీములో ఎవరెవరంటే నేనే సార్ అన్నాను. ఆయన అద్దాల పైనుంచి ఒకసారి చూసి సంతకం పెట్టాడు. వెనకెవరో పెళ్ళి వ్యాను వచ్చింది అన్నారు. అన్నారు గానీ, నిలబడలేదు. లైట్లు చూసి, నవ్వి, పోయారు. నాయన వచ్చే టైము దగ్గర పడుతోంది, నా టేబుల్ దగ్గర నేనూ, నా అట్టా.

నా వంతు వచ్చింది. ట్రాకు చూడగానే నా ప్రాణం పోయింది. నేను గదిలో చార్టు కాగితం మీద నడిపి చూసుకున్నాను. వీళ్ళేమో ట్రాకును ఫ్లెక్సీ మీద అచ్చు వేయించారు. ఫ్లెక్సీ వేయించాక అతిథుల ఫోటోలు లేకుండా ఉంటే మన దగ్గర మర్యాద కాదు గనక, నాలుగు మూలలా నాలుగు ఫోటోలు, అందులో ముఖ్య అతిథిది అందరికంటే పెద్దది. ఆయనకు రంగు వేసిన నల్లటి గుబురు మీసం. నా రోబో బయలుదేరి సగం దూరం చక్కగా పోయింది. మలుపు దగ్గర నా పన్నెండు బుల్బుల వెలుగూ నున్నటి ఫ్లెక్సీ మీద పడి తళుక్కుమనేసరికి, దాని కళ్ళు బైర్లు కమ్మి గీత పోయింది. పక్క రోబోను తికమక పెట్టకూడదని రూలుంది గానీ, సొంత రోబో సంగతి ఏ రూలులోనూ లేదు. అది కాసేపు తప్పిపోయిన పిల్లలా తిరిగి, ఎట్టకేలకు నల్లగా ఒకటి కనబడగానే దాన్ని గట్టిగా పట్టుకుంది. అది ముఖ్య అతిథి మీసం. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు, రంగురంగుల దీపాలతో ఊరేగింపుగా తిరగడం మొదలుపెట్టింది. చెయ్యి తగలకూడదని రూలు కాబట్టి నేను ఆపలేను. ముందు వరసలో కూర్చున్న అసలాయన మెల్లగా తన మీసం తడుముకున్నాడు. అంతే, హాలు హాలంతా లేచి వచ్చి నా చుట్టూ మూగి నవ్వింది.

సరిగ్గా అప్పుడు నాయన వచ్చాడు, చేతిలో సంచి పట్టుకుని. నా చుట్టూ అంతమందిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి, ఓడిపోయానన్న సంగతి మర్చిపోయాను. దగ్గరికి వచ్చి మీవాళ్ళేరీ అన్నాడు. నేను నవ్వుతున్న ముగ్గురమ్మాయిల వైపు చెయ్యి ఊపి తల దించుకున్నాను. ఆయన నేరుగా వాళ్ళ దగ్గరికి పోయి పొట్లాలు తీసి, "వెలుగోడు పాప ఎవురమ్మా? జరం తగ్గిందా?" అని అడిగాడు.

ఒకమ్మాయి నా వైపు చూసింది. నేనేం ముఖం పెట్టానో నాకు తెలియదు. ఆ పిల్ల చెయ్యి చాచి పొట్లం తీసుకుని, "తగ్గింది మామా," అంది.

సాయంత్రం బస్టాండులో ఇద్దరం ఆళ్లగడ్డ బస్సు కోసం కూర్చున్నాం. నాయన రోబోను ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో ముడినీ, దాని పక్కన వైరు మీది గాట్లనూ వేలితో తడుముతూ పోయాడు.

"పండ్లతో పట్టుకోని కట్టినావు గదా," అన్నాడు. "పక్కన మనిషుంటే వైరు నోట్లోకి ఎందుకు పోతాది?"

చుట్టూ బస్సుల బోర్డులన్నీ నన్నే చూస్తున్నాయి.

"మా శిరివెళ్ల ఆయన కూడా లేడులేమ్మా. నువ్వు దిగులు పడతావని చెప్పినా. నేనూ అట్లే పండ్లతోనే కడతాండా. నువ్వేమో ఆయనది వాళ్ళ వీధేనంట అంటివి."

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. రెండూ కలిపి చాలాసేపు కానిచ్చాను. నాయన సంచిలోంచి మిగిలిన పొట్లం తీసి, వేరుశనగ లేనిదేలే తిను అన్నాడు.

ఆ వెలుగోడు పాప (ఆమెది నిజానికి ఏ ఊరో నేనెన్నడూ అడగలేదు) తర్వాత రెండేళ్ళూ కారిడార్లో ఎదురైనప్పుడల్లా, "జరం తగ్గింది," అని చెప్పి పోయేది. మా స్నేహమంతా అంతే. అయినా ఆ ఒక్క మాట కోసం నేను ఒక్కోసారి చుట్టు తిరిగి ఆ కారిడార్లోంచే క్లాసుకు పోయేదాన్ని.

ఇప్పుడు నంద్యాలలోనే ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబు చూసుకుంటున్నాను. పోటీలప్పుడు రోబోల లైట్లు రూల్సు ప్రకారం ఉన్నాయో లేదో చూసే పని నాదే. బుల్బు లాగి చూసే వంకతో వైరు మీద పళ్ళ గాట్లేమైనా ఉన్నాయా అని చూస్తాను. కనబడితే ఏమీ అడగను, ఏదో పనున్నట్టు ఆ టేబుల్ దగ్గరే కాసేపు నిలబడతాను. డిసెంబరు వస్తే ఆళ్లగడ్డ వెళ్ళి, మా చర్చి మీద నక్షత్రం కట్టడానికి నాయనతో పాటు నేనూ మేడెక్కుతాను. ఇన్నేళ్ళయినా వైరు చేతికి రాగానే నాకు తెలియకుండానే నోట్లోకి పోతుంది. నాయన అవతలి నుంచి చెయ్యి చాపి, "ఆ కొస నాకియ్యిమ్మా, నేనుండా గదా," అంటాడు.