ఫర్కర్ డాలు మీద కుక్క

డాలూ, దాని పైన శిరస్త్రాణమూ ఉండే వంశచిహ్నాలు గీయించుకోవడానికి నా దగ్గరికి వచ్చే ప్రతివాడికీ సింహమే కావాలి. సింహాలు గీసి గీసి నాకు విసుగొచ్చింది. మా క్రీఫ్ ఊళ్లో పోస్ట్‌మన్‌గా పనిచేసి రిటైరైన ఫర్కర్ కూడా సింహమే అడిగాడు.

“మెక్రే వాళ్ల కుక్కని చూసి సైకిలు వదిలేసి పరిగెత్తే ఈయనకి సింహం కావాలట,” అంది పక్కనే ఉన్న ఆయన భార్య సెంగా.

ఫర్కర్ నా వైపు తిరిగాడు. “అయితే డాలు మీద సైకిలు వెయ్యండి. డాలు పైన శిరస్త్రాణం మీద ఆ కుక్కని కూర్చోబెట్టండి. దాని నోట్లో నా ప్యాంటు పీలిక ఉండాలి.”

“కరిచిన కుక్కకి పట్టాభిషేకం చేస్తారా?” అని సెంగా మండిపడింది.

“ఉత్తరాలు పోయి బిల్లులే మిగిలాక, ఆ వీధిలో నాకోసం ఎవరు ఎదురుచూశారే? రోజూ గేటు దగ్గర కాచుకుని ఉన్నది అదొక్కటే.”