కుందేలు కోచ్

ఓబర్‌మూస్ స్కీ బడిలో నోట్‌బుర్గా అంటే చాలామందికి తెలియదు, బుర్గి అంటే అందరికీ తెలుసు. పొద్దున మంచు వాలు మీద పిల్లలకి రేసు నేర్పుతుంది, మధ్యాహ్నం ఆ పిల్లలకే లెక్కలు చెబుతుంది. ధైర్యం నూరిపోయాల్సిన మనిషికి ఒళ్లంతా భయమే. వయసులో ఉండగా తనూ ఇదే కొండ మీంచి దూసుకొచ్చింది, అప్పుడు భయమంటే ఏమిటో ఎరగదు. కోచ్ అయి, పక్కన నిలబడి, ఎవరో కన్నబిడ్డ దిగుతుంటే చూడాల్సి వచ్చిననాడు అది పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. ఒక్కో పిల్ల కింద గీత దాటేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది. హెడ్ కోచ్ కాసియాన్ ఆవిడని 'మా కుందేలు' అంటాడు. అననీ. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ కీడెంచే పని బడి మొత్తానికి ఆవిడ ఒక్కతే చేసేది.

ఆ ఫిబ్రవరిలో డౌన్‌హిల్ రేసుకి ముందురోజు ప్రాక్టీసులో వ్రోని పడింది. పదహారేళ్ల పిల్ల, పాడి ఆవులున్న ఇంటిది, బడిలో అందరికన్నా వేగం. పడి, దారి పక్కన కట్టిన వల దాకా జారి, లేచి నవ్వుతూ చెయ్యూపింది. తలకి తగిలిందా అంటే లేదంది. హెల్మెట్ మీద గీత కూడా పడలేదు. బడి నర్సు కళ్లలోకి టార్చి వేసి చూసి ఫర్వాలేదంది. అందరూ భోజనానికి పోయారు.

మధ్యాహ్నం చదువు గంట. రేసుల వల్ల పోయిన పాఠాలు పిల్లలు ఆ గంటలోనే పూడ్చుకోవాలి. వ్రోనికి లెక్కలంటే మంచినీళ్లు తాగినంత తేలిక. అలాంటిది ఒకే లెక్కని వేసి, చెరిపి, మళ్లీ వేసి, మళ్లీ చెరిపింది. ఏమైందే అని బుర్గి అడిగితే, రేపటి గురించి ఆలోచిస్తున్నానంది. నిజమే కావచ్చు. రేపు మంచి టైం వస్తేనే రాష్ట్ర జట్టులో చోటు. జట్టులో చోటు లేకపోతే వచ్చే ఏడు ఈ బడిలో సీటు ఉండదు. ఆ చోటు దక్కించుకోడానికి ఆ పిల్లకి ఇదే ఆఖరి రేసు. అంతా తెలిసినా బుర్గి ఊరుకోలేకపోయింది. కాసియాన్‌కి చెబితే, రేసు ముందురోజు ఏ పిల్లకి లెక్కలు తలకెక్కుతాయని నవ్వేశాడు.

మర్నాడు పొద్దున పిల్లలంతా స్కీలు అడ్డంగా పెట్టి, మెల్లగా జారుతూ దారంతా చూసుకున్నారు. ఏ గేటు, అంటే మధ్యలోంచి దూసుకెళ్లాల్సిన జెండా కర్రల జత, ఎటుందో బట్టీపట్టే సమయం అది. రాత్రి గాలికి మంచు కొట్టుకుపోయి, పెద్ద ఎగుడు కింద కుడివైపు రాళ్లు తేలాయి. అందుకని అక్కడి గేటుని ఎడమకి మార్చారు. బుర్గి అక్కడే నిలబడి వచ్చిన ప్రతి పిల్లనీ ఆపి, ఎగిరి దిగగానే ఎడమకి తిరగాలని చెప్పింది. వ్రోని తలూపి, "ఎడమ" అని తిరిగి అప్పజెప్పి మరీ వెళ్లింది.

కాసేపటికి పైన స్టార్ట్ దగ్గర పిల్లలు కళ్లు మూసుకుని నిలబడ్డారు. దిగేముందు మనసులో ఒకసారి దారంతా దిగి చూసుకోవడం వాళ్ల అలవాటు. మలుపు వచ్చినచోటల్లా చేతులు ఆ పక్కకి వాలతాయి. బుర్గి కూడా పైకి వచ్చి వ్రోని చేతుల్నే చూస్తోంది. పై మలుపులన్నీ సరిగ్గా తిరిగాయి. పిల్ల మోకాళ్లు ముడిచి, ఎగుడు మీంచి ఎగిరినట్టు లేచింది. చేతులు కుడికి వాలాయి.

బుర్గి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎగిరి దిగాక ఎటే, వ్రోనీ?"

"కుడి," అంది పిల్ల, కళ్లు తెరవకుండానే.

"పొద్దున అక్కడ నిలబడి నేనేం చెప్పాను?"

వ్రోని కళ్లు తెరిచి వింతగా చూసింది. "నువ్వక్కడ లేవుగా."

కాసియాన్ వచ్చాడు. కంగారులో తడబడి ఉంటుంది, ఎడమ అని ఇంకోసారి చెబితే సరిపోతుందన్నాడు. ఇప్పుడాపితే పిల్లకి రేసూ పోతుంది, బడీ పోతుందన్నాడు. అది అబద్ధం కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్నేళ్లలో బుర్గి ఊరికే భయపడిన రోజులే ఎక్కువ. ఇదీ అలాంటిదే అయితే? తన పిరికితనానికి ఈ పిల్ల బతుకుని బలిపెడుతోందేమో. ఆ అనుమానంతోనే వ్రోని ఒంటి మీద, దిగే వరస నంబరు వేసిన పైతొడుగు ముళ్లు విప్పింది.

"భయపడి ఆపుతున్నావా?" అన్నాడు కాసియాన్.

"అవును. భయపడే ఆపుతున్నా."

కేబుల్ కారులో దిగుతున్నంతసేపూ వ్రోని తిట్టింది. అంత భయమైతే ఇంట్లో కూర్చుని మేజోళ్లు అల్లుకోమంది. ముసలి కుందేలు అంది. నిన్ను నమ్ముకున్న పిల్లలంతా నీలాగే చస్తూ బతకాలా అంది. ఒక్క మాట తడబడలేదు, ఒక్క తిట్టు తప్పిపోలేదు. ఇంత చక్కగా తిట్టే పిల్ల తలకి ఏమైనట్టు? తప్పు చేశానేమో అనుకుంది బుర్గి. నిన్న చదువు గంటలోనే ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే ఏదో ఒకటి తేలిపోయేది కదా అని తనని తాను తిట్టుకుంది.

సగం దారిలో పిల్ల ఉన్నట్టుండి చల్లబడింది. ఆవిడ భుజానికి తల ఆనించి అద్దంలోంచి బయటికి చూసింది. ఎంతో మామూలుగా, "బుర్గీ, నా నంబరు ఎప్పుడొస్తుంది?" అంది.

"ఇవాళ నీకు రేసు లేదు తల్లీ. ఆస్పత్రికి వెళ్తున్నాం," అంది బుర్గి.

వ్రోని అప్పుడే మొదటిసారి విన్నట్టు భోరున ఏడ్చింది. బుర్గి ఆ తలని రెండు చేతుల మధ్యా కదలకుండా పట్టుకుంది. కింద స్టేషన్ ఇంకా చాలా దూరంలో ఉంది.

ఏడుపు ఆగింది. పిల్ల చెంపలు తడుముకుని, ఆ తడి ఎక్కడిదా అన్నట్టు వేళ్లకేసి చూసుకుంది.

"బుర్గీ," అంది, "నా నంబరు ఎప్పుడొస్తుంది?"