తమ్ముడి పేరు మీద నా మందులు

నాకు మొదటినుంచీ అనుమానం ఎక్కువ. మాచర్లలో నాపరాళ్ల లారీ తోలే రోజుల్లో, రెంటచింతల దగ్గర బండి ఆపుకుని కూర్చున్నప్పుడు ఒకసారి ఫిట్స్ వచ్చింది. ఆ ఎండకు చుట్టుపక్కల ఎవరూ లేరు. తెలివొచ్చేసరికి చొక్కా అంతా మట్టి, నాలుక కొరుక్కుని ఉంది. ఓనరుకు తెలిస్తే మళ్లీ స్టీరింగు ముట్టుకోనివ్వడు. నాకా, లారీ తోలడం తప్ప ఇంకో పని రాదు.

ఎవరికీ చెప్పకుండా నరసరావుపేటలో ఒక ఆసుపత్రికి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి హెల్త్ ఐడీ అడిగింది. ఇకమీదట రిపోర్టులు ఒక కంప్యూటరు ప్రోగ్రాము చదువుతుందట, మందుల సంగతి ఇంకొకటి చూసుకుంటుందట, అవన్నీ ఒకదానికొకటి చెప్పుకుంటాయట. ఏ ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికి పోయినా మళ్లీ మొదటినుంచి చెప్పుకునే పని లేదట. ఆ పిల్ల సంబరంగా చెబుతుంటే నాకు అనుమానం పట్టుకుంది. వాటిలో ఒక్కటి నోరు జారినా చాలు, మా ఓనరు చెవిన పడుతుంది.

మా ఇంట్లో అందరి ఐడీలూ నా ఫోన్ నంబరు మీదే ఉన్నాయి. తెర మీద నాలుగు పేర్లు వచ్చాయి. మీ పేరేదని అడిగితే తమ్ముడి పేరు చూపించాను. రెండేళ్లు వాడి పేరు మీదే మందులు మింగాను. అంత చదువుకున్నవాళ్లను బోల్తా కొట్టించానని లోలోపల మురిసిపోయాను కూడా.

తమ్ముడికి సిమెంటు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు ఉద్యోగం దాదాపు ఖాయమైంది. వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది. అక్కడినుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, ఓటీపీ వచ్చుద్ది, చెప్పు. నా రికార్డు చూస్తారంట."

"వాళ్లకెందుకురా మన సంగతులు?"

"చూపించకపోతే తీసుకోరంట. దాచుకోటానికి నాకేముంది?"

ఆరు అంకెలూ చదివాను.

సాయంత్రం వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే కూర్చున్నాడు.

"నాకు రెండేళ్లనుంచి ఫిట్సంట, క్రేన్ ఎక్కనియ్యం అన్నారు. టెస్టుల్లో అదే ఉంది, మందుల కాడా అదే ఉంది. ఇవన్నీ కూడబలుక్కుని అబద్ధం చెప్తయ్యా అని డాక్టరు నన్నే అడిగాడు."

నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. వాడు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"సరిచేయించాలంటే అయ్యి నీ మందులని చెప్పాల. చెప్తే నీ లారీ పోద్ది. నీ పిల్లలు చదువుకుంటన్నారు గదా. ఉండనీలే అన్నా, నా పేరు మీదే."

వద్దురా అనాల్సినవాణ్ణి. అనలేదు. పైగా, ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని వాడి ముఖం వంక అనుమానంగా చూశాను.

తెల్లారి లారీ ఎక్కి లోడుకు పోయాను.