నూనెకు తగ్గని మంట

2007 వేసవిలో నన్ను గుంటూరులోని ఒక బోధనాసుపత్రికి జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌గా బదిలీ చేశారు. ఒక యూనిట్ నా చేతికి వచ్చింది. యూనిట్ అంటే ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీజీలు, హౌస్‌సర్జన్లు, ఓ వార్డు. రక్త సంబంధమైన జబ్బులంటే నాకు మొదటినుంచీ ఆసక్తి. అందుకని ఆ కేసులన్నీ నా మీదికే తోసేవారు. నేనూ వద్దనేదాన్ని కాదు. పని తెలిసినవాళ్ళకు పని భయమేమిటి?

ఆ ఏడాదే మేరమ్మ మా వార్డులో రోగిగా చేరింది. ప్రత్తిపాడు మనిషి, మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల ముఠాకు పెద్ద. రోజంతా వంగి కూర్చోవడం వల్లే నడుం నొప్పనుకుని నెలల తరబడి నాటు పట్టీలు వేయించుకుంది. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస ఒకటి కుంగిపోయి ఉంది. ఎముక మజ్జ పరీక్షలో మల్టిపుల్ మైలోమా అని తేలింది. మజ్జలోని ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరిగి, ఒంటికి అక్కరలేని ప్రోటీన్‌ను విపరీతంగా తయారుచేసే క్యాన్సర్ అది.

అప్పటికి దానికి బోర్టెజోమిబ్ అనే కొత్త ఇంజెక్షన్ వాడుకలోకి వస్తోంది. మన ఒంట్లో ప్రతి కణమూ పాతబడ్డ ప్రోటీన్లకు, చెడిపోయిన ప్రోటీన్లకు ఒక గుర్తు తగిలించి, ప్రోటియాజోమ్ అనే యంత్రంలాంటి దానిలోకి పంపి ముక్కలు చేయిస్తుంది. వయసు పైబడేకొద్దీ ఈ శుభ్రత మందగిస్తుంది. ముసలితనంలో వచ్చే మతిమరుపు, వణుకుడు జబ్బుల్లో మెదడు కణాల్లో ప్రోటీన్లు పేరుకుపోయి కనిపించడానికి ఇదీ ఒక కారణమంటారు. ఈ మందు ఆ యంత్రాన్ని కావాలనే ఆపుతుంది.

మేరమ్మ భర్త యోహాను చిలకలూరిపేటలో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో కార్మికుడు. చెత్త బయటికి పోయే దారి మూసేస్తే మీ మిల్లు ఎంతసేపు ఆడుతుందని అతన్ని అడిగాను.

"ఎక్కడాడుద్దండీ, పట్టేసుద్ది," అన్నాడు.

క్యాన్సర్ కణం పరిస్థితీ అంతే. దానిలో తయారయ్యే చెత్త ఎక్కువ కనుక అదే ముందు ఉక్కిరిబిక్కిరై చస్తుంది. చిక్కేమిటంటే, ఆ దెబ్బ నరాలకూ తగులుతుంది. పాదాల్లో, వేళ్ళల్లో మంట, తిమ్మిరి మొదలవుతాయి. పట్టించుకోకుండా మందు ఎక్కిస్తూ పోతే స్పర్శ పోయి మళ్ళీ రాకపోవచ్చు. అందుకే ప్రతి ఇంజెక్షన్‌కూ ముందు మంటలున్నాయా అని అడగడం మా నియమం.

మా పీజీలు ప్రతిసారీ అడిగారు. మేరమ్మ ప్రతిసారీ "మిరపకాయ మంటేలే బాబూ, మామూలే" అంది. ఇంజెక్షన్ లేని రోజుల్లో, వద్దన్నా వినకుండా, ముఠా దగ్గరికెళ్ళి కూర్చునేది. పీజీలు కూడా ఈ నేల బిడ్డలే. తల్లుల చేతులు మండటం చూస్తూ పెరిగారు. వాళ్ళకూ అది మామూలే అనిపించింది.

ఇంజెక్షన్ల మూడో విడత మధ్యలో ఒక ఉదయం నేను రౌండ్స్‌లో ఉండగా ఆవిడ మందు కోసం వార్డులోకి నడిచొచ్చింది. ఒక చెప్పు గుమ్మం దగ్గరే జారిపోయింది. ఆ సంగతి ఆవిడకు తెలియలేదు! అక్కడే ఆపి, మంట పుడితే ఏం చేస్తున్నావని అడిగాను. మజ్జిగతో కడిగి కొబ్బరినూనె రాస్తున్నానంది. ఈ ప్రాంతంలో అందరూ చేసేది అదే.

"రాస్తే తగ్గుతోందా?"

మేరమ్మ తల దించుకుంది. "తగ్గట్లేదమ్మగారూ. దుప్పటి తగిలినా భగ్గుమంటన్నాయి కాళ్ళు."

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావే తల్లీ?"

"చెబితే మందు ఆపేస్తారని భయమేసిందమ్మా."

నా కోపం సగంలోనే దిగిపోయింది. జాలేసింది. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి కాలి బొటనవేలికి ఆనించాను. అదురు తెలియలేదంది. చేతివేళ్ళకు మాత్రం కొంచెం తెలుస్తోంది. ఆ రోజు ఇంజెక్షన్ ఆపేయమన్నాను.

యోహాను అడ్డం తిరిగాడు. "కాళ్ళూ చేతులూ పోతే పోనియ్యండమ్మా. ఊపిరుంటే ఉప్పమ్ముకు బతుకుద్ది!"

"ఉప్పమ్మడానికైనా చేతులు కావాలి కదటయ్యా!" అన్నాను. మందు తగ్గిస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం లేకపోలేదని కూడా దాచకుండా చెప్పాను. మేరమ్మ కాసేపు తన అరచేతులు చూసుకుని, మీరు చెప్పినట్టే కానియ్యండమ్మా అంది.

మంట తగ్గేదాకా ఆగి, మోతాదు తగ్గించి, వారానికి రెండుసార్లిచ్చేదాన్ని ఒకసారికి మార్చాను. నా లెక్క మీద నాకు నమ్మకముంది. రక్తంలో ఆ అక్కరలేని ప్రోటీన్ తగ్గుతూనే వచ్చింది. పాదాల తిమ్మిరి పూర్తిగా పోలేదు గానీ చేతివేళ్ళు నిలబడ్డాయి. ఏడాది తిరిగాక మేరమ్మ ఓపీకి వచ్చి, "కాయ పట్టుకుంటే మళ్ళీ చురుక్కుమంటందమ్మగారూ!" అని నవ్వింది. మంట పుడుతోందని సంబరపడిన రోగిని నా సర్వీసులో ఆవిడనొక్కతెనే చూశాను.

ఏ ఊరికి బదిలీ అయినా ఆ ఊరివాళ్ళు మామూలనుకునే నొప్పి ఏదో వైద్యుడు ముందు తెలుసుకోవాలి. జబ్బు దాని వెనకే దాక్కుంటుంది. నేను రిటైరయ్యేదాకా మా యూనిట్లో ఆ మందు ఎక్కించే ముందు మంటలున్నాయా అని ఎవరూ అడగలేదు. నూనె రాసినా తగ్గని మంట ఉందా అని అడిగేవాళ్ళు.