పిక్క నొప్పి నుంచి మూడో సరస్సు దాకా

రెండో సరస్సు ఒడ్డున ఫొటోకి నిలబడినప్పుడు నా ఎడమ పిక్క పట్టేసింది. అమెరికాలో, వ్యోమింగ్ రాష్ట్రంలోని విండ్ రివర్ కొండల్లో ఉన్నాం. ఎదురుగా ఆ నీళ్ళు! పైనున్న గ్లేసియర్, అంటే మంచునది, రాళ్ళను అరగదీసి పిండి చేస్తుందట, ఆ పిండి నీళ్ళలో తేలుతూ ఎండకి ఆ రంగు తెస్తుందట. లేత నీలంలో కాసిని పాలు కలిపినట్టుంది. అలాంటి నీళ్ళు కళ్ళముందుంటే పిక్కని ఎవరు పట్టించుకుంటారు? కాసేపు చేత్తో నొక్కుకుని, మళ్ళీ పళ్ళికిలించి ఫొటోకి నిలబడ్డాను.

ఆ లోయలో ఒకదానిపైన ఒకటి మూడు సరస్సులున్నాయి. మొదటిదాని దగ్గర మా టెంట్లు. రెండోది ఆ రోజు చూశాం. మూడోది గ్లేసియర్ కిందనే ఉంటుంది, నడి వేసవిలో కూడా అందులో మంచు గడ్డలు తేలుతుంటాయి. నా పిచ్చంతా ఆ మూడోదాని మీదే. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక నా శనివారాలన్నీ ఆ కొండల మ్యాపు ముందే గడిచాయి.

మేముండేది ఇల్లినాయ్‌లో, అరోరాలో. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. వెళ్ళింది నలుగురం: నేను, మా ఆయన మురళి, మా వీధిలోనే ఉండే అనిత, ఆమె భర్త శ్రీధర్ గారు. వ్యాన్ వాళ్ళది. నడిపింది ముందు సీట్లలో కూర్చున్న మగవాళ్ళిద్దరూ వంతులవారీగా.

మర్నాడు పొద్దున ఎడమ బూటు లేసు ముడి పడలేదు. కాలు వాచింది. నిన్నటి నడక వల్లే అనుకుని బయల్దేరాను. కాస్త ఎక్కేసరికి ఆయాసం. గట్టిగా ఊపిరి తీస్తే కుడి పక్కటెముకల కింద కత్తితో పొడిచినట్టు నొప్పి. నీరసంగా ఒక బండ మీద కూలబడ్డాను.

"సుధక్కా, నీ మొకం ఏందట్ల తెల్లగైంది?" అంది అనిత.

"ఎత్తు కదా, పడలేదంతే. అదిగో, ఆ మలుపు తిరిగితే వచ్చేస్తుంది" అన్నాను.

"లేక్ ఏడికి పోదు. నువ్వు పోతవ్. దిగుదాం పా!"

అంత కోపంగా ఆమె మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. మురళి నా బ్యాగ్ కూడా భుజాన వేసుకున్నాడు. దిగుతూ వెనక్కి తిరిగి చూసుకుని ఏడ్చాను. నొప్పికి కాదు, ఆ సరస్సు చూడకుండా దిగుతున్నందుకు.

కింద ఊళ్ళో చిన్న క్లినిక్. వేలికి క్లిప్ పెట్టి చూస్తే ఆక్సిజన్ తక్కువగా ఉంది. ఎత్తు పడక వచ్చే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అయ్యుండొచ్చని నర్స్ ముక్కుకి ట్యూబ్ పెట్టింది. తర్వాత వచ్చిన డాక్టరమ్మ నా ప్యాంటు రెండు కాళ్ళకీ మోకాళ్ళ దాకా మడిచి చూసింది. ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా, ఎర్రగా ఉంది.

"హౌ డిడ్ యూ గెట్ హియర్?" అని అడిగింది.

ఇల్లినాయ్ నుంచి ఇరవై గంటలు డ్రైవ్ చేశామని మురళి చెప్పాడు. మధ్యలో ఎక్కడ ఆగారని ఆవిడ మళ్ళీ అడిగింది.

"నాన్ స్టాప్, డాక్టర్! ఓన్లీ ఫర్ గ్యాస్!" అన్నారు శ్రీధర్ గారు, పెట్రోలుకి తప్ప ఎక్కడా ఆగనందుకు మెడల్ ఇస్తారేమో అన్నంత సంబరంగా.

ఆవిడ మెడల్ ఇవ్వలేదు. అంబులెన్స్ పిలిచింది.

పెద్ద హాస్పిటల్‌లో బ్లడ్ టెస్ట్, కాలికి అల్ట్రాసౌండ్, ఛాతీకి సీటీ స్కాన్. పల్మనరీ ఎంబాలిజం అన్నారు. గంటల తరబడి కాలు ముడుచుకుని కదలకుండా కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డ కట్టిందట. దాన్ని డీవీటీ అంటారట. అందులోంచి ముక్కలు విడిపోయి రెండు లంగ్స్‌లోకీ చేరాయట. గడ్డ పెరగకుండా హెపారిన్ అనే మందు డ్రిప్ మొదలుపెట్టారు.

"డాక్టర్, ఎల్లుండికి మళ్ళీ ఎక్కొచ్చా?" అని అడిగాను. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. "మేడమ్, కిందికి ప్రాణంతో దిగొచ్చారు. ఇవాళ్టికి దానికి సంతోషించండి" అన్నాడు. మురళి నవ్వబోయి గోడవైపు తిరిగిపోయాడు. ఏడుపుతో మురళి భుజాలు కదలడం చూశాక నాకు మొదటిసారి భయం వేసింది.

అసలు కదలకుండా ఎందుకు కూర్చున్నానంటారా? నా కాళ్ళ దగ్గర కూలర్, దానిమీద రైస్ కుక్కర్. పెట్రోలుకి ఆగినప్పుడు కూడా నేను దిగాలంటే అవన్నీ దించాలి. వ్యాన్ వాళ్ళది, నడిపేది మగవాళ్ళు, ఊరికే ఆపమంటే ఏం బాగుంటుంది? ఆపమనాల్సిన అవసరమే రాకుండా నీళ్ళు తాగడం మానేశాను. పులిహోర మాత్రం బాగానే తిన్నాను. మొహమాటం అంటే మనకి అంత ముద్దు.

డాక్టర్లు సరేనన్నాక, దారిలో ఊరూరా దిగి నడుస్తూ ఇల్లు చేరాం. గండం గడిచిందనుకున్నాను. కాని అసలు కష్టం ఇంటికొచ్చాకే మొదలైంది. బ్లడ్ థిన్నర్ మాత్రల వల్ల నెలసరిలో బ్లీడింగ్ విపరీతమైంది. ఈ మాట రాయడానికి సిగ్గుపడను, ఎందుకంటే నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. హిమోగ్లోబిన్ పడిపోయి ఐరన్ ఇన్‌ఫ్యూజన్ ఎక్కించుకున్నాను. గైనకాలజిస్ట్ వేరే మందులిచ్చింది. మా ఇంటి మెట్లెక్కి పైగదికి వెళ్ళేసరికి గుండె దడ. కాలు కాస్త చురుక్కుమంటే చాలు, గడ్డ మళ్ళీ వచ్చిందేమోనని హాస్పిటల్ ఎమర్జెన్సీకి పరిగెత్తేదాన్ని. రెండుసార్లు ఏమీ లేదని పంపించేశారు.

రక్తం జబ్బులు చూసే హెమటాలజిస్ట్ మాత్రం ధైర్యం చెప్పాడు. "మీది ప్రొవోక్డ్ క్లాట్. కారణం తెలిసింది. అది మంచి వార్త. మెల్లగా నడవడం మొదలుపెట్టండి" అన్నాడు.

నడవడం సరే, ఎక్కడానికి అరోరాలో కొండేది? చలికాలంలో పిల్లలు స్లెడ్ల మీద జారే దిబ్బ ఒకటి పార్కులో ఉంది. అదే నా హిమాలయం! మొదట సగం దాకా ఎక్కి గడ్డిలో కూర్చునేదాన్ని. అనిత రోజూ వచ్చేది. కుక్కల్ని తిప్పేవాళ్ళు మా ఇద్దర్నీ వింతగా చూసేవాళ్ళు. ఎండాకాలం దగ్గరపడేసరికి వీపున బియ్యం బస్తా కట్టుకుని ఆగకుండా ఎక్కి దిగుతున్నాను.

"అక్కా, ఇగ చాలు. గా బియ్యం మా ఇంటికి తే, అన్నం వండుకుంట" అనేది అనిత ఆయాసపడుతూ.

మళ్ళీ స్కాన్ తీశారు. "లంగ్స్ ఆర్ క్లియర్. గో సీ యువర్ లేక్" అన్నాడు హెమటాలజిస్ట్. ఆయన చెయ్యి ఎంత గట్టిగా ఊపానో, పాపం చేతిలో పెన్ను ఎగిరి పడింది.

మళ్ళీ అదే వ్యాన్, అదే నలుగురం. ఈసారి నా కాళ్ళ దగ్గర ఏమీ పెట్టనివ్వలేదు. డాక్టర్ చెప్పినట్టు, పిక్కల్ని బిగించి పట్టే కంప్రెషన్ సాక్స్ వేసుకున్నాను. అరోరా దాటి చాలా దూరం వచ్చాక మొక్కజొన్న చేల మధ్య గొంతు సవరించుకున్నాను.

"శ్రీధర్ గారూ, కారు ఆపండి. నడవాలి."

హైవే పక్కన రెస్ట్ ఏరియాలో దిగీ దిగగానే అనిత రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరుచుకుంది. "పోయినసారి నా కాళ్ళు గూడ మొద్దువారినయ్ అక్కా. నువ్వు అడుగుతవేమోనని చూసిన. నువ్వేమో బొమ్మ లెక్క కూసున్నవ్!"

"మరి నాకు చెప్పాలి గదా!" అన్నారు శ్రీధర్ గారు. "నాకు గూడ నడుం పట్టేసింది. మీరంత ఖుషీగున్నరు, మధ్యల ఆపితే ఏమనుకుంటరో అని నడిపిన."

నాకు నవ్వాగలేదు. ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది. ఒకరి మొహమాటానికి ఒకరం తలొంచి, నా ప్రాణం మీదికి తెచ్చామన్నమాట. దారి పొడవునా ఆగాం. రాత్రికి సౌత్ డకోటాలో పడుకున్నాం.

మొదటి సరస్సు. రెండోది. ఆ తర్వాత నేను కూలబడిన బండ. అక్కడ ఆగలేదు. పైన మంచు మీంచి వచ్చే గాలి మొహానికి కొట్టింది. దారి చివర రాళ్ళ గుట్ట, చేతులు ఆనించి ఎక్కాలి. ఎక్కాను. అవతల మూడో సరస్సు!

ఏం చెప్పను! ఆ నీలం కళ్ళలో పట్టలేదు. తెల్లటి మంచు పలకలు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. గ్లేసియర్ అంచు నుంచి నీళ్ళు సన్నగా జారుతున్నాయి. బూట్లు విప్పి పిక్కల దాకా దిగాను, చలికి కెవ్వున అరిచాను, మళ్ళీ దిగాను. "సుధా, ఇక చాలు, బయటికి రా" అంటూనే మురళి కూడా ప్యాంటు మడిచాడు. గట్టిగా ఊపిరి పీల్చాను. ఎక్కడా పొడవలేదు. ఆ ఊపిరి కోసం ఏడాదిగా ఎంత తపించానో నాకే తెలుసు. ఆనందంతో గంతులేశాను.

ఇప్పుడు మందులు ఆపేశారు. విమానంలో నడవ పక్క సీటే తీసుకుంటాను. ఆఫీస్‌లో మీటింగ్ మధ్యలో లేచి నిలబడితే ఎవరూ ఏమీ అనరు. వచ్చే వేసవికి మాంటానా సరస్సుల మ్యాపు టేబుల్ మీద పరిచి ఉంది.

చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. కారు ఎవరిదైనా, నడిపేది ఎవరైనా, రెండు గంటలకోసారి ఆపమని అడగండి, దిగి నడవండి. ఎవరేమనుకుంటారో అని ఆలోచించకండి. పక్క సీట్లో ఇంకెవరో మీరు అడుగుతారేమోనని చూస్తూ ఉంటారు.