మీటరు పక్కన ఎర్ర దీపం

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో నేనొక పాత మోటారు సైకిలు కొన్నాను. బ్రోకరు చేతుల మీదుగా వచ్చిన బండి. అప్పటికి దాని వయసు నా సర్వీసు కంటే ఎక్కువ. ముందు నడిపేవాడికి ఒక సీటు, వెనక కూర్చునేవాళ్ళకి విడిగా ఇంకో సీటు. స్పీడు మీటరు పక్కన రేగుపండంత ఎర్ర దీపం ఒకటుంది. అది దేనికో బ్రోకరుకి తెలీదు. గాజువాకలో బండి చూసిన మెకానిక్కు గోటితో దాన్ని తట్టి, "ఇది కంపెనీ దీపం కాదు బావా, ఎవరో తర్వాత పెట్టుకున్నాడు. ఎలగనప్పుడు నీకేటి బాధ?" అన్నాడు. అదీ నిజమేననుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం అది వెలిగింది.

పని దిగి సైటు నుంచి వస్తున్నాను. మా దారిలో ప్లాంటు కోసం ఖాళీ చేయించిన ఊరొకటి ఉండేది. జనం వెళ్ళిపోతూ పెంకులూ తలుపులూ గుమ్మాలూ అన్నీ పీక్కుపోయారు. మొండి గోడలు మాత్రం నిలబడి ఉండేవి. గోడల్లో దీపాల గూళ్ళు, వాటి పైన ఏళ్ళ తరబడి పట్టిన మసి. ఊరి చివర గిలక లేని బావి. ఆ బావి దాటగానే మీటరు పక్కన ఎర్రగా కనిపించింది. బ్యాటరీ ఏమైనా అవుతోందేమోనని భయపడి నెమ్మదిగా నడిపాను. రెండు మైళ్ళ అవతల నిర్వాసితుల కాలనీ ఉంది, ఆ ఊరి వాళ్ళకి ప్లాంటు వాళ్ళు స్థలాలిచ్చిన చోటు. కాలనీ మొదట్లో మంచినీళ్ళ కొళాయి దగ్గరికి రాగానే దీపం ఆరిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. బావి దగ్గర వెలగడం, కొళాయి దగ్గర ఆరడం. పొద్దున్న పనికి వెళ్ళేటప్పుడు వెలిగేది కాదు. ఇంటి దగ్గర హ్యాండిలు ఎటు తిప్పినా, బండిని ఎంత కుదిపినా వెలిగేది కాదు. బావి దగ్గర గోతులున్నాయి కాబట్టి వైరు అదిరి తగులుతోందనుకుందామా అంటే, ఆ తర్వాత రెండు మైళ్ళూ కొత్తగా వేసిన రోడ్డు, అద్దంలా ఉంటుంది. దీపం రెప్ప వేసేది కాదు. వారం తిరిగేసరికి బావి ఇంకా కనిపించక ముందే నా వీపు బిగుసుకోవడం మొదలైంది. ఎందుకో తెలీదు, వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కాదు.

మా సెక్షన్లో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉండేవాడు. గోదావరి జిల్లా మనిషి. ప్రతి దానికీ కారణం చూపిస్తే గాని నిద్రపోడు. ఆయనకి చెప్పాను.

"వైరింగన్నాక ఎక్కడో ఓ చోట తప్పుంటుందండీ. రేపు మీ ఇంటికొస్తాను," అన్నాడు.

ఆదివారం పొద్దున్న బండి ట్యాంకు విప్పి కింద పెట్టాం. దీపం నుంచి రెండు తీగలు బయల్దేరాయి. ఒకటి తాళం దగ్గరికి వెళ్ళింది. రెండోది ఇంజనుకీ డైనమోకీ వెళ్ళకుండా, ట్యాంకు కింద గుడ్డ చుట్టుకుని, ముందు సీటు కిందుగా వెనక్కి పోయింది. ఎవరు వేశారో గాని చాలా శ్రద్ధగా వేశారు. ప్రతి జానెడుకీ దారంతో ముడి ఉంది. ఆ తీగ వెనక సీటు కింద ఆగింది.

సీటు విప్పాడాయన. కింద రెండు ఇత్తడి రేకులు, మధ్యలో రబ్బరు ముక్క. రెండు రేకులూ తగిలితే దీపం వెలుగుతుంది. ఆయన సీటు బిగించి చేత్తో అదిమాడు. వెలగలేదు. రెండు చేతులతో అదిమాడు. వెలగలేదు. బండెక్కి బరువంతా వేసి కూర్చున్నాడు. అప్పుడు వెలిగింది. దిగాడు, ఆరిపోయింది.

"ఇదేం లేదండీ. వెనకాల మనిషి కూర్చున్నారని చెప్పే దీపం," అన్నాడు సంతోషంగా. ఆ సంతోషం ముఖం మీద ఎక్కువసేపు నిలవలేదు. సీటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మరి మీరొక్కరే వస్తుంటే వెలుగుతుందన్నారేంటండీ?"

దీపం దేనికో తెలీనన్నాళ్ళూ నాది వైరింగు భయం. తెలిశాక అది ఇంకో రకం భయమైంది. ట్యాంకు బిగించాక ఆయన్ని ఇంటి దగ్గర దింపుతానన్నాను. చేతులు తుడుచుకుంటూ, "వద్దులెండి, బస్సుంది కదా," అన్నాడు.

తీగ కత్తిరించి పారేస్తే సరిపోయేది. పటకారు చేతిలోకి తీసుకున్నాను కూడా. దీపం లేనంత మాత్రాన వెనక సీటు ఖాళీగా ఉన్నట్టా అనిపించి, మళ్ళీ లోపల పెట్టేశాను.

బండి కాగితాల్లో పాత యజమాని చిరునామా ఉంది. ఫిషింగ్ హార్బర్ వెనక వీధి. వెతుక్కుంటూ వెళ్తే, వరండాలో ఎండు చేపల గంప పక్కన అరవై దాటిన మనిషి కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. రేవులో ఓడల రిపేరు షెడ్డులో పాతికేళ్ళు ఇనప రేకుల మీద సుత్తి వేసినవాడట. బొత్తిగా వినపడదు. లోపల్నుంచి పలకా సుద్దముక్కా తెచ్చి నా చేతికిచ్చాడు. నేను బండి చూపించి, 'ఈ దీపం మీరు పెట్టిందేనా?' అని రాశాను.

ఆయన వీధంతా వినపడేలా నవ్వాడు. చెవిటివాళ్ళ గొంతుకి హద్దుండదు.

"నానే! మా ఆడమనిసి కోసరం పెట్టినాను. ఓపాలి రైలు గేటు కాడ బండాపితే దిగినాది. గేటు తీసినారు. ఎక్కీసినాదనుకుని నాను ఎల్పోనాను. నాలుగు మైళ్ళు దాంతో మాటాడుకుంటూ పోనాను బాబూ! ఇంటికాడ దిగి సూస్తే మనిసి లేదు." నవ్వు తగ్గింది. "దాని మాట నాకినపడదు కదా. ఉన్నాదో లేదో నాకెలా తెలస్తాది? అందుకని దీపం పెట్టినాను. ఎలుగుతుంటే ఉన్నట్టు."

ఆమె పోయి రెండు వానాకాలాలైందని తనే చెప్పాడు. ఒంట్లో బాగులేక మంచంలోనే పోయిందట. చూస్తూ ఉండలేక బండి అమ్మేశాడు.

రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. చివరికి రాశాను. 'నేనొక్కణ్ణే వెళ్తున్నా వెలుగుతోంది.'

చదివి నా ముఖంలోకి చూశాడు. "ఎక్కడ?"

ఖాళీ చేసిన ఊరి పేరు రాసి, 'బావి దాటాక' అని కింద రాశాను.

ఆయన పలక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈసారి గొంతు బాగా తగ్గింది. ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని నేననుకోలేదు.

"దిగడం ఎక్కడ దిగతంది?"

ఆయన అడిగింది దీపం గురించి కాదు. దీపం ఎక్కడ ఆరుతుందని నన్నెవరైనా అడిగి ఉంటే వెంటనే చెప్పేవాణ్ణి. పలక మళ్ళీ తీసుకుని, 'కాలనీ కొళాయి దగ్గర' అని రాశాను.

"కొళాయి పక్కనిల్లే దాని సెల్లెలిది," అన్నాడు. "ఆ బావి కాడ ఊరు దాని పుట్టిల్లు బాబూ. ఖాళీ సేసినాక కూడా ఆదివారం ఆదివారం తీసుకెల్లమనేది. గోడలు సూసుకుని, ఆడ్నించి సెల్లెలింటికి పోయేవోళ్ళం." పలక పక్కన పెట్టి, "నన్నోపాలి తీసుకెల్తావేటి?" అన్నాడు.

పై ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్ళాను. హార్బర్ నుంచి దారి పొడుగునా దీపం వెలుగుతూనే ఉంది, వెనక మనిషున్నాడు కాబట్టి. బావి దగ్గర ఆయన దిగితే ఆరిపోయింది. నడుచుకుంటూ ఒక మొండి గోడ దాకా వెళ్ళి, గూట్లో వేలు పెట్టి తుడిచి, ఆ మసి చూసుకుని తిరిగొచ్చాడు.

"తాళం ఇయ్యి. నువ్వీడే ఉండు బాబూ."

బండి ఆయనకి కొత్త కాదు, ఒక్క తన్నుకే స్టార్టయింది. కాని వెంటనే కదల్లేదు. రెండు కాళ్ళూ నేల మీద ఆన్చి, చీర సర్దుకుని పక్కగా కూర్చునే మనిషి కోసం ఆగినట్టు ఆగాడు. నేను పది గజాల వెనక ఉన్నాను. వెనక సీటు ఖాళీగా ఎండలో మెరుస్తోంది. దీపం అటు వైపుంది, నాకు కనపడదు. ఆయన మీటరు వైపు తలవంచి చూశాడు. తర్వాత గేరు వేసి, మనిషి నడకంత నెమ్మదిగా పోనిచ్చాడు.

మాటలు మొదలయ్యాయి. ఇంజను చప్పుడు మించిన గొంతు. వానల గురించి, ఇంటి పైకప్పు గురించి, ఎవరో పిల్ల పెళ్ళి గురించి చెబుతున్నాడు. కొంత చెప్పి ఆగుతున్నాడు. అవతలి మనిషి మాట్లాడటానికి ఎంత సమయం పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగి, మళ్ళీ అందుకుంటున్నాడు. ఒకసారి, "అవునా! అలాగన్నాదా?" అని నవ్వాడు. ఏమీ వినపడని మనిషి. మలుపు తిరిగాక ఇంజను చప్పుడు పోయింది గాని, ఆ గొంతు మాత్రం మొండి గోడల మధ్య ఇంకాసేపు వినపడింది.

ఆ మిట్టమధ్యాహ్నం ఆ ఊళ్ళో గంటకి పైగా ఒంటరిగా నిలబడ్డాను. గాలి లేదు. ఏ గోడకీ వీపు ఆనించ బుద్ధి కాలేదు, రోడ్డు మధ్యలోనే నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన మాట్లాడటం లేదు. దిగి తాళం నా చేతిలో పెట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ముఖం తేటగా ఉంది.

"వైరు బాగానే ఉన్నాది. మరింక ఊరికే ఎలగదులే," అన్నాడు.

ఆయన్ని ఎక్కించుకుని హార్బరు దగ్గర దింపి వచ్చాను.

మర్నాడు సాయంత్రం బావి దాటాను. దీపం వెలగలేదు. ఆ తర్వాత మనిషి కూర్చోకుండా అది ఎన్నడూ వెలగలేదు. ఏం రిపేరు చేశారని ఎలక్ట్రీషియన్ అడిగితే, రబ్బరు ముక్క మార్చానని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మాడు. పై వారం నా బండెక్కి ఇంటికి కూడా వచ్చాడు.

నాకు మాత్రం భయం పోయాక ఆ రెండు మైళ్ళూ చాలా పొడుగ్గా తోచేవి. బావి దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే బ్రేకు మీద పడేది. కాలు నేల మీద ఆన్చి, కాసేపు ఆగి, మీటరు వైపు చూసి వెళ్ళేవాణ్ణి. ప్లాంటు ప్రహరీ గోడ లేచి ఆ దారి మూసేసే దాకా అలా ఆగుతూనే ఉన్నాను.